కంఠము నుండి రికార్డు వరకు : మన కీర్తన నడిచిన దారి

దేవుని మహాకృపవలన మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్నది. ఇట్టి సమయమున దేవాలయములు కట్టినవారిని, పాఠశాలలు, ఆసుపత్రులు స్థాపించినవారిని జ్ఞాపకము చేసికొనుట న్యాయమే. అయితే రాయి, సున్నము లేకయే కట్టబడిన కట్టడమొకటి మన సంఘములలో కలదు. అదియే మన తెలుగు కీర్తన. దాని చరిత్రను, నేడది యున్న స్థితిని సంఘస్థుల యెదుట ఉంచగోరుచున్నాము.

పాట పండిన నేల

కృష్ణా డెల్టాకు సంగీతము క్రొత్త కాదు. పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ, ఒక నాట్యమునకే పేరిచ్చిన కూచిపూడి ఒకదానికొకటి సమీపముననే యున్నవి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు మచిలీపట్టణమున సేవ ప్రారంభించునాటికి ఇచ్చటి జనులకు భజన, యక్షగానము, కోలాటము, ఊడ్పుపాట నిత్యజీవితములోనివి.

మిషనెరీలు మొదట తమ దేశపు పాటలను తెనిగించి, ఆ వరుసలలోనే పాడించిరి. వారి ఉద్దేశము మంచిదే కాని చిక్కొకటి యుండెను. ఇంగ్లీషు పాటలో ఊనిక పడిన అక్షరము మీద దెబ్బ పడును. తెలుగులో అక్షరమునకు ఊనిక కాదు, కొలత ముఖ్యము. గురువు రెండు మాత్రలు, లఘువు ఒక మాత్ర. పరాయి వరుసకొరకు దీర్ఘమును కుదించినచో "పాడు" అన్నమాట "పడు" అగును. అర్థము చెడిన పాట చదువురాని విశ్వాసి గుండెలోనికి ఎట్లు దిగును? ఆనాటి విశ్వాసులలో అనేకులకు అక్షరజ్ఞానము లేదు. వారికి పాటయే పుస్తకము.

ఈ కొరతను తీర్చినవారిలో అగ్రగణ్యులు పురుషోత్తమ చౌదరి గారు (1803–1890). 1833లో బాప్తిస్మము పొందిన ఈ భక్తకవి, తెలుగువారు ఎరిగిన రాగతాళములలో, పల్లవి, చరణముల కట్టుబాటులో కీర్తనలు రచించిరి. వారు బాప్తిస్టు సంఘమువారైనను వారి కీర్తనలు లూథరను, ఆంగ్లికను, మెథడిస్టు భేదము లేక అందరి నోట నిలిచినవి. సంఘముల ఐక్యతను గూర్చి పెద్దలు సభలు చేయక మునుపే కీర్తన ఆ పని చేసెను. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్య గారు కూడ ఆరాధన ఈ దేశపు రీతిలో ఉండవలెనని ప్రోత్సహించినవారే.

శ్రుతి, రాగము, తాళము

పాటకు శ్రుతి పునాది, రాగము నడక, తాళము కొలత. సప్తస్వరములలో ఏవి ఎక్కునో, ఏవి దిగునో, ఏది కంపించునో చెప్పునది రాగము. శంకరాభరణ రాగపు స్వరములు పాశ్చాత్యుల మేజరు స్కేలు స్వరములే. ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యము కూర్చినపుడు ఈ రాగమే వారికి వంతెన అయ్యెను. మన సంఘములలోను దొరల ఆర్గను, మన పెద్దల గొంతు సులువుగా కలిసిన చోటు అదియే.

తాళములలో ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు, మిశ్రచాపునకు ఏడు. ఈ ఏడింటి నడక, మూడు, నాలుగుగా, మనవారి తప్పెటకు, చేతిచప్పట్లకు సహజమైనది. నేడు అనేక దేవాలయములలో కీబోర్డులో సిద్ధముగా నున్న నాలుగు దెబ్బల వరుసను నొక్కి, ఏడక్షరముల కీర్తనను అందులో ఇరికించుచున్నారు. అట్లు చేయుటకు ఒక అక్షరమును సాగదీయక తప్పదు. దానితో పాట నడక కుంటును.

హార్మోనియము సంగతియు ఇట్టిదే. ఐరోపాలో పుట్టి మన దేశమున చేతితిత్తులతో రూపు మార్చుకొన్న ఈ వాద్యము పల్లె సంఘములకు ఎంతో మేలు చేసెను. కాని దాని మెట్లు స్థిరమైనవి, గమకము పలుకదు. అందువలననే ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని దూరముగా ఉంచెను. వాద్యము పాటకు తోడు కావలెనే గాని యజమాని కాకూడదు.

యంత్రములోనికి పాట

1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు గౌహర్ జాన్ గారి పాటను రికార్డు చేసిరి. అప్పటికి మైకు లేదు. గాయకుడు పెద్ద కొమ్ముబూరలోనికి పాడగా, ఆ శబ్దపు అదురు సూదిని కదిపి మైనపు పలక మీద గాడి గీయును. 1925 ప్రాంతమున విద్యుత్ మైకు వచ్చిన పిదపనే మెత్తని గొంతులకు చోటు దొరికెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల లక్క రికార్డు ఒక ప్రక్కకు సుమారు మూడు నిమిషములే పట్టును. ఆరేడు చరణముల కీర్తన అందులో ఇముడదు. కావున రికార్డుకెక్కవలెనన్న పాటకు రెండు మూడు చరణములే మిగులును. పాపపు ఒప్పుకోలు నుండి పరలోక నిరీక్షణ వరకు మెట్టుమెట్టుగా నడిపించు కీర్తనలో నడిమి మెట్లు తీసివేసిన యెడల మిగులునదేమి?

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి విద్వాంసులు పనిచేసిన ఆ కేంద్రము డెల్టా ప్రజల చెవికి శ్రుతి నేర్పెను. సీషెల్స్ దీవులనుండి ఫెబా రేడియో 1970లో ప్రసారములు మొదలుపెట్టి 2003 వరకు సువార్తను వినిపించెను. 1978లో "కరుణామయుడు" చిత్రము వచ్చినపుడు మోదుకూరి జాన్సన్ గారి సాహిత్యము, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గళము క్రీస్తు శ్రమలను క్రైస్తవేతరుల ఇండ్లకు సహితము చేర్చెను. పిమ్మట క్యాసెట్టు వచ్చి, ప్రతి పట్టణమున పాటల ఆల్బములు వెలువడెను.

నేటి స్టూడియోలో గొంతును, తబలాను, వేణువును వేర్వేరు ట్రాకులుగా రికార్డు చేసి తరువాత కలుపుదురు. తప్పిన శ్రుతిని యంత్రమే సరిచేయును. ఇది దేవుడిచ్చిన జ్ఞానమే. మేము దానిని నిందింపము. అయితే లోపము లేని పాటకు అలవాటుపడిన సంఘము తన గొంతుకు తానే సిగ్గుపడి మౌనముగా కూర్చుండుచున్నది. పాడు సంఘము విను సంఘమగుట చిన్న నష్టము కాదు.

చేయవలసిన పని

మరియొక నష్టము త్వరలో రానున్నది. సంఘస్థుల చేతనున్న కీర్తనల పుస్తకములలో రాగము, తాళము పేర్లున్నవి గాని స్వరములు లేవు. ఆ వరుస పెద్దల గొంతులలోనే యున్నది. దివిసీమలో ఒక రీతి, నూజివీడు వైపు మరియొక రీతి వినవచ్చును. ఒక వృద్ధురాలిని సమాధి చేసిన దినమున, ఆమెతో కూడ ఒక వరుసను సమాధి చేయుచున్నామేమో!

కావున ప్రతి సంఘములోని యౌవనస్థులను మేము వేడుకొనునది ఇదియే. ఎనుబదేండ్లు పైబడిన మీ పెద్దలయొద్దకు వెళ్లుడి. వారి అనుమతితో కీర్తనను అన్ని చరణములతో పాడించి చేతిఫోనులో రికార్డు చేయుడి. ఫ్యాను ఆపుడి, ఫోను మూరెడు దూరమున ఉంచుడి, వాద్యము వలదు, చేతితో తాళము వేయించుడి. ఊరు, సంవత్సరము, ఎవరియొద్ద నేర్చిరో చివర వారి నోటనే చెప్పించుడి. ఆ రికార్డును రెండు చోట్ల భద్రపరచి, వచ్చు ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పుడి. నేర్పని రికార్డు తాళము వేసిన పెట్టె వంటిది.

రాబోవు నూరేండ్ల ఉత్సవమున మన మనుమల మనుమలు ఈ కీర్తనలను పుస్తకములో చూచుట కాక, నోరార పాడునట్లు సంఘశిరస్సైన ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.