చేసిన పనా, చేసిన మనిషా: ‘అలా జరక్కపోయుంటే’ ఆలోచనల వెనుక

జరిగిపోయినదాన్ని మనసులో దిద్దుకోవడం అందరికీ ఉన్నదే. అయితే అందరూ దిద్దేది ఒకటే కాదు. స్నేహితుడి రహస్యాన్ని నలుగురిలో బయటపెట్టేసిన ఇద్దరిని ఊహించండి. ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది’ అని ఒకరు బాధపడతారు. ‘నా నోట్లో నువ్వుగింజ నానదు, నేనింకోలా పుట్టుంటే బాగుండేది’ అని ఇంకొకరు కుమిలిపోతారు. మొదటివారు చేసిన పనిని మార్చుకుంటున్నారు, రెండోవారు తమనే మార్చుకుంటున్నారు.

ఈ తేడాను 1994లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పౌలా నీడెంతాల్, జూన్ టాంగ్నీ, ఇగోర్ గవాన్‌స్కీ పరీక్షించారు. అపరాధభావం కలిగిన సందర్భాల్లో జనం ఎక్కువగా తమ చర్యను మార్చి చూసుకున్నారు, సిగ్గుతో తలదించుకున్న సందర్భాల్లో తమ గుణాన్ని. నాకు ఇంకా విలువైనదిగా తోచింది దీని మరో వైపు. ఒకే సంఘటన ఇచ్చి, గుణాన్ని మార్చి ఊహించమంటే సిగ్గు వైపు, పనిని మార్చి ఊహించమంటే అపరాధభావం వైపు మొగ్గు కనిపించింది. అంటే భావం ఆలోచనను నడిపిస్తున్నట్టే ఆలోచన కూడా భావాన్ని మలచవచ్చు. ఇవన్నీ తలుచుకున్న, ఊహించుకున్న సందర్భాలన్నది మరవకూడదు. నిజంగా తల కొట్టేసినట్టయిన క్షణంలోనూ మనసు ఇలాగే నడుస్తుందని వీటినిబట్టి చెప్పలేం.

స్వభావం సంగతి ఇంత తేటగా లేదు. సిగ్గుకు త్వరగా లోనయ్యేవారు, అపరాధభావానికి లోనయ్యేవారు వేరుగా ఉంటారని టాంగ్నీ పరిశోధనలు చూపాయి. రెండోవారు తప్పును సరిదిద్దే వైపు కదులుతారు, మొదటివారు ముఖం చాటేయడానికి చూస్తారు. ఇక, ‘ఇంతకన్నా బాగా జరిగి ఉండేది’ అన్న ఆలోచనలకూ కుంగుబాటుకూ ఉన్న సంబంధంపై 2017లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ 13 వేల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసింది. సహసంబంధం సుమారు 0.26. లేదనలేం, గట్టిదనీ అనలేం. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఈ అంకె చెప్పదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది 1995లో క్రిస్టఫర్ డేవిస్ బృందం ప్రచురించిన అధ్యయనం. రోడ్డు ప్రమాదంలో భర్తనో భార్యనో బిడ్డనో పోగొట్టుకున్నవారితో, ఏళ్లు గడిచాక, పరిశోధకులు మాట్లాడారు. చాలామంది మార్చి చూసుకుంటున్నది ఎదుటి డ్రైవరును కాదు, తాము చేసిన, చేయని పనుల్ని. ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తే బాధ అంత ఎక్కువ. అలాగని ప్రమాదానికి తామే కారణమని వారు అనుకోవడం లేదు. ‘ఆపగలిగేవాణ్ణి’ అనుకోవడం ఒకటి, ‘నా వల్లే జరిగింది’ అనుకోవడం మరొకటి. ‘నీ తప్పేం లేదమ్మా’ అన్న ఓదార్పు రెండోదానికే జవాబు. మొదటిదాన్ని అది తాకకపోవచ్చని నా అనుమానం. దాన్ని తేల్చాలంటే దుఃఖంలో ఉన్నవారినే, వారి స్వభావాన్ని ముందుగా కొలిచి, కొన్నేళ్లపాటు వెన్నంటి చూడాలి.