ఫాల్స్ షేరింగ్

రెండు ప్రాసెసర్ కోర్లు వేర్వేరు వేరియబుల్స్‌తో పనిచేస్తున్నా, ఆ వేరియబుల్స్ ఒకే క్యాష్ లైన్‌లో పడడం వల్ల ఒకదాని పనికి మరొకటి అడ్డు తగలడాన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు. దీనివల్ల ప్రోగ్రామ్ ఇచ్చే జవాబు మారదు, వేగం మాత్రం దారుణంగా పడిపోతుంది. నాలుగు థ్రెడ్లకు పంచిన పని ఒక్క థ్రెడ్ చేసినదానికంటే ఆలస్యంగా ముగిసే సందర్భాలూ ఉన్నాయి. దోషం డేటా అమరికలో ఉంటుంది కాబట్టి కోడ్‌ను వరుసవెంట వరుస చదివినా దొరకదు.

నేపథ్యం

ప్రధాన మెమరీ నుంచి ఒక విలువ రావడానికి నేటి ప్రాసెసర్లలో వందల సైకిళ్లు పట్టవచ్చు. కోర్‌లోనే ఉండే ఎల్1 క్యాష్ నుంచైతే నాలుగైదు సైకిళ్లు చాలు. వేగంగా పనిచేసే చిన్న మెమరీని దగ్గర ఉంచుకోవాలనే ఈ క్యాష్ ఆలోచనను మారిస్ విల్క్స్ 1965లో ‘స్లేవ్ మెమరీ’ పేరుతో ప్రచురించారు. 1968లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85తో క్యాష్ మార్కెట్లోకి వచ్చింది.

క్యాష్ ఒక్కొక్క బైట్‌ను కాక, ఒక లైన్ మొత్తాన్ని తెచ్చుకుంటుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో లైన్ 64 బైట్లు, ఐబీఎం పవర్‌లో 128. పక్కపక్క డేటాను వరుసగా చదివే ప్రోగ్రాములకు ఇది పెద్ద లాభం. కోర్లు పెరిగాక ఒకే లైన్ కాపీలు పలు క్యాష్‌లలో చేరాయి. వాటి మధ్య పొంతన చెడకుండా కాపాడేదే కొహెరెన్స్ ప్రోటోకాల్. బాగా వాడుకలో ఉన్న ‘మెసి’ పద్ధతిని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ పాపమార్కోస్, జనక్ పటేల్ 1984లో ప్రతిపాదించారు. అందులో నియమం సూటిగా ఉంటుంది: చదవడానికి ఎన్ని కాపీలైనా ఉండవచ్చు, రాయాలంటే మాత్రం మిగతా కాపీలన్నీ రద్దు కావాలి.

జరిగే తీరు

వేర్వేరు కోర్లపై నడిచే ఎనిమిది థ్రెడ్లు, ఒక్కోదానికి 8 బైట్ల కౌంటర్, అన్నీ ఒకే అర్రేలో ఉన్నాయనుకుందాం. ప్రోగ్రామర్ దృష్టిలో ఎవరి కౌంటర్ వారిదే. కానీ ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, అంటే కౌంటర్లన్నీ ఒకే లైన్‌లో ఇమిడిపోవచ్చు. మొదటి కోర్ తన కౌంటర్‌కు ఒకటి కలపగానే మిగతా ఏడు కోర్ల దగ్గరున్న కాపీలు చెల్లకుండా పోతాయి. రెండో కోర్ తన కౌంటర్‌ను మార్చాలంటే ఆ లైన్‌ను మొదటి కోర్ నుంచి తెప్పించుకోవాలి. అది రాయగానే మొదటి కోర్ కాపీ చెల్లదు. ఇలా ప్రతి కూడికకూ లైన్ కోర్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. వేర్వేరు సాకెట్లలోని ప్రాసెసర్ల మధ్యనైతే ఈ ప్రయాణం మరింత ఖరీదు.

ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తే కౌంటర్ రిజిస్టర్‌లోనే ఉండిపోయి సమస్య మాయమైనట్టు కనిపించవచ్చు. వేగాన్ని కొలిచే పరీక్షా ప్రోగ్రాములు రాసేవారు దీన్ని గమనించాలి.

గుర్తింపు, నివారణ

లైనక్స్‌లో ‘పెర్ఫ్ సీ2సీ’ అనే పరికరం ఏ లైన్ కోసం కోర్లు పోటీ పడుతున్నాయో, ఆ లైన్‌లోని ఏ చోటును ఏ కోడ్ తాకుతోందో చూపిస్తుంది. ఊహలతో కాలం వృథా చేసేకంటే ముందు దీన్ని నడపడం మేలు.

అందరూ మొదట చెప్పే మందు ప్యాడింగ్: కౌంటర్ల మధ్య ఖాళీ బైట్లు నింపి ఒక్కోదాన్ని వేరే లైన్‌లోకి నెట్టడం. జావా 8లో ఇందుకు ‘కంటెండెడ్’ అనోటేషన్ వచ్చింది, సి ప్లస్ ప్లస్ 17 తగిన దూరాన్ని తెలిపే స్థిరాంకాన్ని చేర్చింది. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లు పక్క లైన్‌నూ ముందుగానే తెచ్చుకుంటాయి కనుక అక్కడ 128 బైట్ల దూరం పాటిస్తారు. అయితే 8 బైట్ల విలువకు 64 బైట్లు కేటాయిస్తే క్యాష్‌లో చోటు ఎనిమిది రెట్లు ఖర్చవుతుంది. అందుకే ప్రతి థ్రెడ్ తన మొత్తాన్ని లోకల్ వేరియబుల్‌లో కూడుకుని, చివర ఒక్కసారి మాత్రమే అర్రేలో రాయడం ప్యాడింగ్‌కంటే మంచి పద్ధతి. అన్ని థ్రెడ్లూ నిజంగానే ఒకే కౌంటర్‌ను మారుస్తుంటే అది అసలైన షేరింగ్, దానికి ప్యాడింగ్ ఏమాత్రం పనిచేయదు.