కొండవారి ఫిర్యాదు – పోలీసుల రాక

ఉప్పల్, నాచారం ప్రాంతములలో నివసించు మనకు పోలీసు స్టేషను దూరపు సంగతి కాదు. రాత్రివేళ దొంగ పడినను ఫోనులో 100 త్రిప్పిన చాలును. ఫిర్యాదు వ్రాయు భాషయు మనదే. అయితే ఇదే తెలంగాణలో ఆదిలాబాదు అడవుల గోండు, కోలాము గూడెముల స్థితి వేరు. వానకాలమున వాగు పొంగిన దారి మూతపడును. ఇంట మాటలాడునది గోండి లేక కోలామి. స్టేషనులో వ్రాయునది తెలుగు. అట్టివారికి పోలీసుల రాక ఎట్టి అనుభవమైనదో సంఘస్థులు తెలిసికొనుట మంచిది.

నిజాం కాలమున అడవులు రిజర్వు చేయబడగా అనేక గోండు గ్రామములు సాగుభూములు కోల్పోయినవి. ఆసిఫాబాదు ప్రాంతమున కొమురం భీం, అతనితోటివారు భూమి కొరకు చేసిన విన్నపములు ఫలింపలేదు. 1940లో జోడేఘాట్ కొండకు సాయుధ పోలీసులు వచ్చిరి. కాల్పులలో భీం, అతని అనుచరులు కొందరు మరణించిరి. ఆ పిమ్మటనే గోండుల స్థితిని పరిశీలించుటకు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్‌ను ప్రభుత్వము నియోగించెను. ఆయన మార్లవాయిలో వారి మధ్య నివసించి, అశాంతికి మూలము భూమి పోవుటయే అని తెలియజేసెను. ఆ విచారణ ముందే జరిగియుండిన ఎంత బాగుండెడిది!

స్వాతంత్ర్యము తరువాత గిరిజన భూముల రక్షణకు 1959లో చట్టము వచ్చెను. 1970లో అది మరింత కట్టుదిట్టమయ్యెను. అయినను భూములు చేజారుచునే యుండెను. 1981 ఏప్రిల్ 20న, సంతరోజున, ఇంద్రవెల్లిలో గిరిజనులు సభకు వచ్చిరి. సభకు అనుమతి లేదనిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది మరణించిరి. అంతకంటె చాల ఎక్కువ మంది అని పౌరహక్కులవారు చెప్పిరి.

మారుమూలలకు పోలీసు బలము చాలదనుట సగము మాత్రమే నిజము. ఆ రెండు దినములలోను తుపాకులు అడవికి చేరినవి గదా! చేరనిది ఫిర్యాదు విని విచారించు అధికారి.

చట్టము ఈ లోపమును గుర్తించినది. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము ప్రకారము, విధిని బుద్ధిపూర్వకముగా నిర్లక్ష్యము చేసిన ప్రభుత్వోద్యోగి (అతడు షెడ్యూల్డు కులమునకు గాని తెగకు గాని చెందనిచో) శిక్షార్హుడు. 1995 నియమముల ప్రకారము డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారియే దర్యాప్తు చేయవలెను. అట్టి అధికారి వాగులు దాటి గూడెము చేరుటకు వాహనము, దుబాసి, తీరిక మూడును కావలెను. అవి సమకూర్చనిచో నియమము కాగితమునకే పరిమితము.

2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టము ప్రకారము, నేరము ఎక్కడ జరిగినను ఏ స్టేషనులోనైన ఫిర్యాదు చేయవచ్చును. చదువునకో కూలికో మన పేటలకు వచ్చిన గిరిజనుడు తన ఊరి అన్యాయమును ఉప్పల్ స్టేషనులోనే వ్రాసి ఇయ్యవచ్చును. అతనికి తోడుగా వెళ్లి, తెలుగులో నాలుగు వాక్యములు వ్రాసిపెట్టుట మన వంటి వారికి కష్టము కాదు. జోడేఘాట్‌లో వినబడని విన్నపము మన వాకిట వినబడిన, దానిని వినువారము మనము కావలెను.