విందులో అతిథి మర్యాద

తెలుగు విందుల్లో అతిథి సౌకర్యం మీద ఎంత శ్రద్ధ ఉండేదో చెప్పే పాత ఆధారాల్లో ‘ఆముక్తమాల్యద’ ముఖ్యమైనది. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు అందులో శ్రీవిల్లిపుత్తూరు భక్తుడు విష్ణుచిత్తుడు తన ఇంట అతిథులకు పెట్టే భోజనాన్ని కాలాల వారీగా వర్ణించాడు. జడివాన రోజుల్లో వంట చేసే ఇల్లాలి కళ్లకు పొగ సోకకుండా పొయ్యిలోకి కొబ్బరి చిప్పలు వాడతారు. తాజా కూరలు తగ్గే ఆ కాలంలో విస్తట్లో వడియాలు, వరుగులు చేరతాయి. వేసవిలో అన్నం నులివెచ్చగానే ఉంటుంది. తియ్యని చారు, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, వడపిందెలు, మజ్జిగ వస్తాయి. చలికాలంలో మిరియాల పొడి చల్లిన కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, చెయ్యి చుర్రుమనే నెయ్యి. కావ్యం గనుక కొంత అతిశయం ఉండవచ్చు. అయినా నేతి వేడిని సైతం మరువని కవి వడ్డనను దగ్గరగా చూసినవాడే.

వీడ్కోలుకూ ఒక పద్ధతి ఉండేది. 1443లో విజయనగర రాజు రెండో దేవరాయల కొలువుకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, తనకు తాంబూలం, కర్పూరం, నాణేల సంచి ఇచ్చారని రాసుకున్నాడు. సామాన్యుల ఇళ్లలో ఈ మర్యాద ఆకు, వక్క, పండుతో సరిపోయేది.

పెళ్లిళ్లలో మర్యాద విడిదింటి నుంచే మొదలు. కాళ్లకు నీళ్లు, తాగడానికి మంచినీళ్లు సిద్ధంగా ఉంచేవారు. పందిట్లో గంధం రాసి పన్నీరు చిలకరించేవారు. భోజనానికి గోదావరి, కృష్ణా డెల్టాల్లో అరటాకు. అడవికి దగ్గరగా ఉన్న ఊళ్లలో మోదుగ, అడ్డ ఆకులను పుల్లలతో కుట్టిన విస్తరి. అరటాకు కొస తినేవాడి ఎడమవైపు ఉండాలి. బంతిలో అందరికీ వడ్డించాకే తినడం మొదలయ్యేది; పక్కవాళ్లు ముగించేదాకా ఎవరూ లేచేవారు కాదు. దానివల్ల నిదానంగా నమిలే ముసలివాళ్లకు తొందర పడాల్సిన అవసరం ఉండేది కాదు. ఇంటివాళ్లు వరుసల మధ్య తిరుగుతూ, ఖాళీ అయిన విస్తట్లో అడగకముందే మారు వడ్డించేవారు. బిడియపడే అతిథికి ఇంతకన్నా పెద్ద ఉపకారం లేదు.

అయితే ఈ ఆదరణ అందరికీ సమానంగా దక్కలేదు. బంతులు కులాన్ని బట్టి వేరయ్యేవి. దళితులను ఆ వరుసల్లోకి రానివ్వలేదు. చాలాచోట్ల అందరూ తిన్నాకే, పందిరి బయటే వాళ్లకు అన్నం పెట్టేవారు. విందుల చరిత్రలో ఇది దాచకూడని అన్యాయం.

గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో కల్యాణ మండపాలు, క్యాటరింగ్, బఫే పట్టణాల్లో పాతుకుపోయాయి. వందలమంది ఒకేసారి తినగలుగుతున్నారు, ఎవరి పక్కన ఎవరైనా నిలబడుతున్నారు. కాని చేతిలో పళ్లెంతో నిలబడి తినడం పెద్దవాళ్లకు, చంటిబిడ్డల తల్లులకు కష్టం. అందుకే ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో బఫేతో పాటు బల్లలు వేసి, అరటాకుల్లో కూర్చోబెట్టి వడ్డించే ఏర్పాటు కూడా చేస్తున్నారు.