కాలాన్ని వెనక్కి నడిపిన లెక్కలు

అల్ఫారెట్టాలో వైద్యుడిగా ఉంటూ, ఇరుగుపొరుగు సాఫ్ట్‌వేరు మిత్రుల మాటల్లో నాకు వెంటనే బోధపడిన విషయం ఒకటే: నెమ్మదించిన ప్రోగ్రామును సరిచేసే ముందు కాలం ఎక్కడ ఖర్చవుతోందో కొలవాలి. దానినే ప్రొఫైలింగ్ అంటారు. 1982లో బర్క్‌లీకి చెందిన సూసన్ గ్రహమ్, పీటర్ కెస్లర్, మార్షల్ మెకూసిక్ ప్రకటించిన జీప్రాఫ్ ఇటువంటి పనిముట్లలో ప్రసిద్ధమైనది. ప్రోగ్రాము ఏ క్షణాన ఏ ఫంక్షనులో ఉందో అది నిర్ణీత వ్యవధుల్లో నమోదు చేస్తుంది. ఏ ఫంక్షను దేనిని ఎన్నిసార్లు పిలిచిందో కూడా లెక్కిస్తుంది.

ఇంకా తయారుకాని చిప్పు ఎలా పనిచేస్తుందో ముందుగానే చూపే సిమ్యులేటరుకు మాత్రం ఈ పరీక్ష ఒక్కటే చాలదు. సెకనుకు మూడు వందల కోట్ల ఆదేశాలు నడిపే చిప్పును, సెకనుకు రెండు లక్షలు మాత్రమే నడపగల సిమ్యులేటరులో అనుకరిస్తే, చిప్పు గడిపే ఒక్క సెకనుకు మనకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. పైగా ఇటువంటి ప్రోగ్రాముల్లో భారం తరచు వందలాది చిన్న ఫంక్షన్ల మధ్య పరచుకొని ఉంటుంది. కోసి తీసేయడానికి కణితి ఒకచోట ఉండదు.

మిగిలిన దారి పనిని పలు యంత్రాలకు పంచడం. అక్కడే అసలు చిక్కు: ఒక యంత్రం కాలంలో ముందుకు పోయాక, వెనకబడిన మరో యంత్రం నుండి గతానికి చెందిన సందేశం రావచ్చు. దానిని పట్టించుకోకపోతే వేగం పెరుగుతుంది, జవాబును మాత్రం నమ్మలేము. ఆస్టిన్‌లో మణి చాందీ, జయదేవ్ మిశ్రా 1979లో చూపిన పరిష్కారం జాగ్రత్తపరుల మార్గం: “ఫలానా సమయం వరకు నా నుండి నీకేమీ రాదు” అని ప్రతి భాగమూ పొరుగుకు ఖాళీ సందేశం పంపుతుంది. అటువంటి సందేశాలు మితిమీరితే అవే భారమవుతాయి.

ఆస్టిన్‌లోనే 1984లో డాక్టరేటు పొందిన యలమంచిలి సుధాకర్ 1989లో అట్లాంటాలోని జార్జియా టెక్‌లో చేరారు. ఆయన, సహచరులు 2014లో ప్రకటించిన మానిఫోల్డ్ బహుళకోర్ చిప్పుల కోసం నిర్మించిన సమాంతర సిమ్యులేటరు. ప్రాసెసరు, క్యాష్, అంతర్జాలిక వంటి నమూనాలను విడి భాగాలుగా అమర్చి, వేర్వేరు యంత్రాలపై నడిపే ఏర్పాటు అందులో ఉంది. ఆయన 2019లో కన్నుమూశారు.

రెండో మార్గం సాహసికులది. డేవిడ్ జెఫర్సన్ 1985లో ప్రతిపాదించిన టైమ్ వార్ప్ పద్ధతిలో ఎవరూ ఎవరికోసమూ ఆగరు; తప్పు తెలిశాక వెనక్కి మళ్ళుతారు. అందుకు ప్రతి అడుగులోనూ పాత స్థితిని భద్రపరచాలి, ఆ దాపుడే కాలాన్ని, మెమరీని మింగేస్తుంది. జార్జియా టెక్‌లో 1999లో పరిశోధన పట్టా పొందిన కల్యాణ్ పెరుమాళ్ళ, క్రిస్టఫర్ కరోథర్స్, రిచర్డ్ ఫుజిమోటోలతో కలిసి ఆ ఏడే వేరొక ఉపాయం ప్రకటించారు. వారి దృష్టి నెట్‌వర్కుల నమూనాల మీద ఉన్నా ఉపాయం ఎక్కడైనా వర్తిస్తుంది: దాచుకోవడం మాని, లెక్కనే తిరగేసి నడపడం. ఒకటి కలిపిన చోట ఒకటి తీసివేస్తే పాత విలువ దానంతటదే తిరిగి వస్తుంది. (ఇంత సులువైనది ముందే ఎవరికీ తట్టలేదా అనిపించింది నాకు.) పాత విలువను చెరిపి కొత్తది రాసిన చోట మాత్రం దాచుకోక తప్పదు.