గోదావరి డెల్టాలో గ్రామసేవకుల శిక్షణ

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయినది. నాటినుండి తరతరాలుగా డెల్టా రైతు వరి సేద్యంలో చేయి తిరిగినవాడు. నారు రంగు చూచి దాని బలం చెప్పగలడు. సార్వాకు ఏ రకమో, దాళ్వాకు ఏ రకమో ఒకరిని అడుగనక్కరలేదు. అటువంటి రైతు పొలంగట్టు మీద నిలిచి సలహా చెప్పవలసిన యువకుని అవస్థ ఎట్టిదో పాఠకులు ఊహించుకొనవచ్చు. ఆ యువకుడే గ్రామసేవకుడు.

1952 అక్టోబరు 2న దేశంలో 55 సామాజికాభివృద్ధి పథకాలు ప్రారంభమయినవి. వానిలో కాకినాడ–పెద్దాపురం ప్రాంతం ఒకటి. మరుసటి సంవత్సరం జాతీయ విస్తరణ సేవ మొదలయినది. ఈ రెండు పట్టణాల నడుమనున్న సామర్లకోటలో విస్తరణ శిక్షణ కేంద్రం ఏర్పడినది. గ్రామసేవకుడు నేర్వవలసినది ఒక్క వ్యవసాయమే కాదు. పశువుల టీకాలు, మరుగుదొడ్ల గుంటలు, వయోజన విద్య, సహకార సంఘాల వ్యవహారం, అన్నీ తలా కొంచెం. ఆరంభంలో ఈ శిక్షణ దేశంలో ఆరు నెలలే. అంత మాత్రం చదువుతో ఒక్కడు సుమారు పది గ్రామాల సకల సమస్యలకూ సమాధానం చెప్పగలడనుకొనుట అమాయకత్వమే. ఆ సంగతి త్వరలోనే తెలిసివచ్చి, 1950ల చివరకు శిక్షణ రెండేళ్ళయినది.

1960–61లో మరొక ప్రయోగం జరిగినది. సాంద్ర వ్యవసాయ పథకానికి, అనగా జనం ‘ప్యాకేజీ ప్రోగ్రాం’ అని పిలిచినదానికి, తంజావూరు, లూథియానా మొదలగువానితో పాటు పశ్చిమ గోదావరిని ఎన్నుకొన్నారు. తొలి ఏడు జిల్లాలలో ఇది ఒకటి. బ్లాకుకు పదిమంది గ్రామసేవకులున్నచోట ఇరువదిమందిని నియమించుట, భూసార పరీక్షలు జరుపుట, విత్తనం, ఎరువు, అప్పు లెక్కకట్టి రైతురైతుకూ సేద్య ప్రణాళిక వ్రాయుట, ఇదీ పద్ధతి. మనుషులు రెట్టింపయినారు గాని, తొలి సంవత్సరాలలో వరి దిగుబడి ఆశించినంత పెరుగలేదు. ప్రణాళికలు వ్రాయుట పలుచోట్ల కాగితాలు నింపుటగా మారినది.

తప్పు గ్రామసేవకునిదేనా? కాదు. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పాత రకాలు పొడవైనవి. నత్రజని ఎక్కువ వేసినకొద్దీ గడ్డి ఏపుగా పెరిగి, కంకి బరువుకు చేను పడిపోయేది. “ఎరువు వేయండి” అన్న సలహాను రైతు అనుమానించుటకు కారణం ఉన్నది. మార్టేరులో 1925 నుండి పరిశోధన జరుగుచున్నను, ఎక్కువ ఎరువుకు తట్టుకొని నిలిచే పొట్టి వరి అప్పటికి లేదు. నేర్పుటకు సరుకు లేనప్పుడు నేర్పువాడేమి చేయగలడు?

1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 విడుదల చేసినది. మరుసటి ఏడే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దానిని పెద్ద ఎత్తున పండించి విత్తనం అందించినారు. పొట్టి వరికి పాత అలవాట్లు పనికిరావు. లేతనారును పైపైన నాటవలెను, నత్రజనిని దఫదఫాలుగా వేయవలెను. ఇప్పుడు అనుభవంగల రైతుకు కూడా అడుగవలసిన ప్రశ్నలు వచ్చినవి. గ్రామసేవకుడు వానికి బదులు చెప్పలేకపోయినచో గట్టు మీద అతని పరువు పోయినట్లే.

కొత్త విద్యకు కొత్త పరీక్ష సుడిదోమ. ఇది వరి దుబ్బు మొదట నీటిపైన చేరి రసం పీల్చును; చేను సుడులు సుడులుగా ఎండును. పైనుండి మందు చల్లిన దోమకు తగలదు. పైగా కొన్ని మందులు దానిని తినే సాలీళ్ళను చంపి దోమకే మేలు చేయును. ఇండోనేషియా ఈ దెబ్బ తిని 1986లో వరిపై 57 మందుల వాడకాన్ని నిషేధించి, 1989లో పొలంలోనే పాఠశాలలు నడపసాగినది. ఆ పద్ధతే తరువాత మన రాష్ట్రంలో ‘పొలంబడి’ అయినది. ఇందులో శిక్షకుడే ముందు ఒక పంటకాలమంతా మడిలో దిగి, దుబ్బును విడదీసి దోమలను, సాలీళ్ళను లెక్కించి నేర్వవలెను.

రెండు మీటర్లకొక కాలిబాట వదలినచో గాలి, వెలుతురు సోకి దోమ తగ్గునని నేర్పుట మొదలయినప్పుడు, నేలను ఊరక వదలమన్నారని రైతులకు కష్టం తోచినది. బాట అంచు వరుసలోని దుబ్బులను పీకి, లోపలి వరుసవాటి ప్రక్కన పెట్టి పిలకలు లెక్కించి చూపినవాని మాటనే వారు విన్నారు.