మెలట్టూరు వీధిలో నరసింహుడు

సంగీతనాటకమనగానే తెరయు, దీపములు, వరుసగా కుర్చీలు గల శాల మనకు స్ఫురించును. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటేటా నృసింహజయంతినాడు ఆడు తెలుగు భాగవతమేళమునకు అట్టి శాల లేదు. వరదరాజస్వామి కోవెల యెదుటి వీధియే దానికి రంగస్థలము. వేదిక కోవెలవైపు చూచుచుండును. జనము నడుమ కూర్చుందురు. స్వామియే మొదటి ప్రేక్షకుడు. తక్కినవారికి తరువాతి చోటు.

ఈ తెలుగు అంతదూరమెట్లు పోయినది? 1565 నాటి తళ్ళికోట యుద్ధముతో విజయనగరము కూలినపిమ్మట పెక్కు తెలుగు కుటుంబములు కావేరీతీరము చేరినవి. అచ్యుతప్పనాయకుడు 510 కుటుంబములకు ఇండ్లు, భూములు ఇచ్చెననియు, అందుచే ఆ యూరికి అచ్యుతపురమను పేరు కలిగెననియు చెప్పుదురు. అనంతరకాలమున ఆ యూరివాడే యగు వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము మొదలగు నాటకములను తెలుగున రచించెను. నేడు ఆ నటులలో పెక్కురి యింటిభాష తమిళము. ఆటలో పాడునది మాత్రము తెలుగే. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు.

ప్రహ్లాదచరిత్రము రాత్రి మొదలై తెల్లవారువరకు సాగును. కోణంగి వచ్చి నవ్వించిపోవును. వినాయకుని ముఖము తొడిగిన బాలుడు వచ్చును. పిదప ఒక్కొక్క పాత్ర ప్రవేశదరువుతో రంగమెక్కును. తొందర యన్నది లేదు. నరసింహుని ముఖము కోవెలలో పూజలందుకొనునదే. దానిని ధరించువాడు ఆనాడు ఉపవసించును. ముఖము తొడిగినంతనే ఆవేశము కలుగునని నమ్మిక; కావున ఇరుప్రక్కల మనుష్యులు పట్టుకొనియుందురు. హిరణ్యకశిపుడు ఎదుట నిలిచి వాదించును. ఇద్దరికిని నడుమ ఎడముంచుదురు; వధను చూపరు. చూపకపోవుటచేతనే భయము హెచ్చునని నా తలంపు.

20వ శతాబ్ది తొలిభాగమున ఈ ఆట సన్నగిల్లి మరల నిలదొక్కుకొన్నది. దీనిని మదరాసు రసికులకు పరిచయము చేసినవారిలో ఇ. కృష్ణయ్యరు ఒకరు. పట్టణసభలలోనికి వచ్చినపుడు ఇది రెండుమూడు గంటలకు కుదించుకొనును. అందు తప్పు లేదు. పదిమంది చూచుటయు మేలే. కాని అచట నరసింహుని యెదుట ఉండునవి టిక్కెట్టు కొన్నవారి ముఖములు. గర్భగుడి దీపము కాదు. మా మైకు సైతము దరువులను, నట్టువాంగపు తాళములను చక్కగా పట్టుకొనును గాని, వేయిమంది ఊపిరి బిగబట్టిన ఆ నిమిషమును మీ యింటికి తేజాలదు.

నటులలో పలువురు పరవూళ్ళ ఉద్యోగులు. వైశాఖమునకు సెలవు పెట్టి, పాఠము వల్లించుకొనుచు, ఆ వీధికే మరలి వత్తురు.